ఇల్లొచ్చింది.. మరి మెట్లు దిగేదెలా? డబుల్ బెడ్‌రూమ్, టిడ్కో ఇళ్లలో వృద్ధులకు ఉన్న హక్కులేంటి, ఏం అడగొచ్చు?

ప్రభుత్వం ఇచ్చిన ఇంటి తాళం చేతికొచ్చిన రోజు ఏ కుటుంబానికైనా పండగే. అయితే తాళం అందుకున్న ఇంటి యజమానురాలి వయసు 62 అయితే ఆమెకు మరో లెక్క కూడా ఉంటుంది. ఆ ఇంట్లో ఇంకో పదిహేను, ఇరవై ఏళ్లు గడపాలి. మోకాళ్లు సహకరించనప్పుడు మెట్లు దిగాలి. లిఫ్టు ఆగిపోయిన రోజు ఆస్పత్రికి వెళ్లాలి. నెలనెలా బియ్యం, బీపీ మాత్రలు తెచ్చుకోవాలి.

ఇల్లు కేటాయించేటప్పుడు అధికారులు ఆదాయం, రేషన్ కార్డు, ఆధార్ చూస్తారు. ఆ ఇంట్లో ఉండబోయే మనిషి పదేళ్ల తర్వాత ఎలా నడుస్తారన్నది ఏ దరఖాస్తులోనూ ఉండదు. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

మీ అమ్మానాన్నలు ఇలాంటి ఇంట్లో ఉన్నా, మీ ఇంట్లో పనిచేసే వారి పెద్దవాళ్లు ఉన్నా ఈ కథనం ఉపయోగపడుతుంది. నిబంధనలు ఏం చెబుతున్నాయి, ఏ సేవ గడప దాకా వస్తుంది, ఏది రాదు, ఎవరిని అడగాలి అన్నవి ఒక్కొక్కటిగా చూద్దాం.

ఈ సమస్య ఇప్పుడే ఎందుకు?

ఐక్యరాజ్యసమితి జనాభా నిధి విడుదల చేసిన ఇండియా ఏజింగ్ రిపోర్ట్ 2023 ప్రకారం, 2022 నాటికి దేశంలో 60 ఏళ్లు దాటినవారు సుమారు 14.9 కోట్లు. జనాభాలో ఇది 10.5 శాతం. 2050 నాటికి ఈ సంఖ్య 34.7 కోట్లకు, అంటే జనాభాలో 20.8 శాతానికి చేరుతుందని అంచనా. దక్షిణాది రాష్ట్రాల్లో జననాల రేటు ముందుగా తగ్గింది కాబట్టి వృద్ధుల వాటా కూడా ఇక్కడ ముందే పెరుగుతోంది.

మరోపక్క, గత పదేళ్లలో తెలుగు రాష్ట్రాలు పట్టణ పేదలకు పెద్ద ఎత్తున అపార్ట్‌మెంట్ తరహా ఇళ్లు కట్టాయి. అంతకుముందు గుడిసెలోనో, రేకుల ఇంట్లోనో ఉన్నవారికి ఎన్ని ఇబ్బందులున్నా గడప దాటితే నేల ఉండేది. ఇప్పుడు నేలకు, గడపకు మధ్య మెట్లు వచ్చాయి.

ఉన్న ఇంట్లోనే, తెలిసిన మనుషుల మధ్య, వీలైనంత కాలం సొంతంగా బతకడాన్ని నిపుణులు ‘ఏజింగ్ ఇన్ ప్లేస్’ అంటారు. వృద్ధాశ్రమం ఖర్చు భరించలేని పేద కుటుంబాలకు ఇది ఇష్టాయిష్టాల విషయం కాదు. ఉన్న దారి అదొక్కటే.

మన దగ్గర ఈ ఇళ్లు ఎలా ఉన్నాయి?

తెలంగాణలో డబుల్ బెడ్‌రూమ్ ఇంటి విస్తీర్ణం 560 చదరపు అడుగులు. రెండు పడకగదులు, హాలు, వంటగది, రెండు మరుగుదొడ్లు ఉంటాయి. లబ్ధిదారు పైసా కట్టక్కర్లేదు. ఇంటి పట్టా సాధారణంగా ఇంటి ఇల్లాలి పేరు మీద ఇస్తారు.

హైదరాబాద్‌లో ఈ ఇళ్లు రెండు రకాలుగా వచ్చాయి. మొదటిది, ఉన్న బస్తీని ఖాళీ చేయించి అదే చోట కట్టినవి. సికింద్రాబాద్ బోయిగూడలోని ఐడీహెచ్ కాలనీ ఇందుకు తొలి ఉదాహరణ. 2015 నవంబరులో అక్కడ 396 కుటుంబాలకు ఇళ్లు అందించారు. జియాగూడ, పిల్లిగుడిసెలు వంటి చోట్ల కూడా ఇదే పద్ధతి.

రెండోది, నగర శివార్లలో ఖాళీ స్థలంలో కట్టిన పెద్ద సముదాయాలు. సంగారెడ్డి జిల్లా కొల్లూరులో 15,660 ఇళ్ల సముదాయాన్ని 2023 జూన్‌లో ప్రారంభించారు. స్టిల్ట్‌పై 9, 10, 11 అంతస్తులుగా ఇక్కడి బ్లాకులు కట్టారు. అంటే కింద పార్కింగ్ ఉంటుంది, ఇళ్లు ఆపైన మొదలవుతాయి. అందుకే ఇక్కడ లిఫ్టు సౌకర్యం కోసం పెట్టింది కాదు, అది లేకపోతే పై అంతస్తుల్లో బతుకే లేదు.

ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో టిడ్కో ఇళ్లు వేరు. 300, 365, 430 చదరపు అడుగుల్లో మూడు రకాలున్నాయి. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకంతో కలిపి వీటిని కట్టారు. ఇవి జీ+3 బ్లాకులు. అంటే గ్రౌండ్ ఫ్లోరు, దానిపైన మూడు అంతస్తులు. లిఫ్టు ఉండదు. గ్రౌండ్ ఫ్లోరులో ఇల్లు వచ్చినవారికి పర్వాలేదు. మూడో అంతస్తులో వచ్చినవారికి ప్రతి పనికీ మెట్లే గతి.

అంతకుముందు జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం కింద రెండు రాష్ట్రాల్లో కట్టిన బ్లాకుల్లోనూ చాలావరకు ఇదే పరిస్థితి. యాభై ఏళ్ల వయసులో ఆ ఇళ్లలోకి వెళ్లినవారు ఇప్పుడు అరవై దాటారు.

కింది అంతస్తు అడిగే హక్కు ఉందా?

ఉంది. కానీ చాలామందికి తెలియదు.

పీఎంఏవై పట్టణ పథకం మార్గదర్శకాల్లో దీనిపై స్పష్టమైన మాట ఉంది. భాగస్వామ్య పద్ధతిలో కట్టే ఇళ్ల కేటాయింపులో దివ్యాంగులకు, వృద్ధులకు ప్రాధాన్యం ఇవ్వొచ్చని, అలాంటివారున్న కుటుంబాలకు వీలైనంతవరకు గ్రౌండ్ ఫ్లోరులో లేదా కింది అంతస్తుల్లో ఇల్లు ఇవ్వాలని అందులో సూచించారు.

ఇందులో రెండు విషయాలు గమనించాలి. ఒకటి, ఇది ‘వీలైనంతవరకు’ అని రాసిన సూచన. తప్పనిసరి అని రాయలేదు. రెండు, కేటాయింపు సమయంలో అడిగినవారికే ఇది ఎక్కువగా పనికొస్తుంది. డ్రా తీసి, ఫ్లాట్ నంబరు ఖరారై, పట్టా చేతికొచ్చాక మార్చడం కష్టం.

దివ్యాంగుల విషయంలో మాత్రం చట్టమే ఉంది. దివ్యాంగుల హక్కుల చట్టం-2016లోని 37వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ గృహ పథకాల కేటాయింపుల్లో 5 శాతం ఇళ్లు 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి రిజర్వు చేయాలి. వారిలో మహిళలకు ప్రాధాన్యం ఇవ్వాలి.

ఇది వృద్ధులకు ఎలా పనికొస్తుంది? పక్షవాతం వల్ల ఒక కాలు, చెయ్యి పడిపోయినవారు, చూపు బాగా తగ్గినవారు తమది ‘ముసలితనమే’ అనుకుని ఊరుకుంటారు. వైద్య పరీక్షలో వైకల్యం 40 శాతం లేదా ఆపైన ఉందని తేలితే వారు చట్టం దృష్టిలో దివ్యాంగులే. ఆ ధ్రువపత్రం ఉంటే కింది అంతస్తు కోసం పెట్టే దరఖాస్తుకు బలం వస్తుంది. తెలంగాణలో వృద్ధాప్య పింఛను 2,016 రూపాయలైతే, దివ్యాంగుల పింఛను 4,016 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో ఇవి 4,000, 6,000 రూపాయలు. అంటే ఆ పత్రం నెలవారీ ఆదాయాన్ని కూడా మార్చగలదు.

పై ఫ్లోరు వచ్చింది, పక్కవాళ్లతో మార్చుకోవచ్చా?

ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తున్నారు. ‘వాళ్లు కుర్రవాళ్లు, పైకి వెళ్తామన్నారు, మేం కిందికి వస్తాం’ అని నోటి మాట మీదో, స్టాంపు పేపరు మీదో రాసుకుని మారిపోతారు.

డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు వారసత్వంగా పిల్లలకు వస్తాయి కానీ, అమ్మడానికి, ఇతరులకు బదిలీ చేయడానికి వీల్లేదు. కాబట్టి ఇద్దరు లబ్ధిదారులు తమలో తాము రాసుకున్న కాగితం చెల్లదు. తనిఖీకి వచ్చినప్పుడు పట్టాలో ఒక ఫ్లాటు, ఉంటున్నది మరో ఫ్లాటు అయితే ఇద్దరికీ చిక్కే.

మార్పిడి కావాలంటే రెండు కుటుంబాలూ కలిసి రాతపూర్వకంగా అధికారులను కోరాలి. తెలంగాణలో ప్రతి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో, ఆంధ్రప్రదేశ్‌లో సోమవారాల్లోనే జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఈ దరఖాస్తు ఇవ్వొచ్చు. వయసు రుజువు, వైద్యుడి పత్రం, ఇద్దరి అంగీకార పత్రం జత చేసి, రసీదు తప్పకుండా తీసుకోవాలి. అనుమతి కాగితం చేతికొచ్చే దాకా ఇల్లు మారొద్దు.

లిఫ్టు చెడిపోతే ఎవరు బాగు చేయించాలి?

ప్రైవేటు అపార్ట్‌మెంట్లలో అసోసియేషన్ ఉంటుంది. నెలనెలా మెయింటెనెన్స్ వసూలు చేస్తుంది. లిఫ్టు కంపెనీకి ఏటా కాంట్రాక్టు డబ్బు కడుతుంది. ప్రభుత్వ సముదాయాల్లో కట్టిన కాంట్రాక్టరు బాధ్యత నిర్ణీత గడువు వరకే ఉంటుంది. ఆ తర్వాత భారం మెల్లగా నివాసితుల మీదికి వస్తుంది.

కొల్లూరు లాంటి పెద్ద సముదాయాల్లో దుకాణాల సముదాయాలు కూడా కట్టారు. వాటి అద్దెలతో లిఫ్టులు, మోటార్లు, వీధి దీపాల నిర్వహణ నడవాలన్నది ఆలోచన. దుకాణాలు నిండి, అద్దెలు సక్రమంగా వస్తేనే ఆ లెక్క కుదురుతుంది. రాకపోతే ఇంటికింత అని పోగు చేయాలి.

ఉదాహరణకు ఒక బ్లాకులో నెలకు 500 రూపాయల మెయింటెనెన్స్ అనుకుందాం. ఇద్దరు సంపాదిస్తున్న కుటుంబానికి అది పెద్ద మొత్తం కాకపోవచ్చు. 2,016 రూపాయల పింఛనుతో గడిపే ఒంటరి మహిళకు అది వచ్చే డబ్బులో నాలుగో వంతు. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల వరకు ఉచిత కరెంటు ఇస్తున్నారు. అది ఇంటి మీటరుకు. లిఫ్టు, నీళ్ల మోటారు తిరిగేది ఉమ్మడి మీటరు మీద.

డబ్బు కట్టలేనివారే లిఫ్టు లేకపోతే బతకలేనివారు కూడా. అందుకే బ్లాకు కమిటీలో ఈ చర్చ వచ్చినప్పుడు రెండు విషయాలు అడగొచ్చు. పింఛను తప్ప వేరే ఆదాయం లేని వృద్ధులకు రుసుము తగ్గించమని ఒకటి. లిఫ్టు మరమ్మతుకు వేరే ఖాతా పెట్టి, ఆ డబ్బు ఇంకో పనికి వాడొద్దని రెండోది. ఈ రెండింటికీ ప్రభుత్వ ఉత్తర్వు అవసరం లేదు, బ్లాకులోని కుటుంబాలు కూర్చుని తీర్మానం చేసుకుంటే చాలు.

గడప దాకా వచ్చే సేవలేవి?

రెండు రాష్ట్రాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. తెలంగాణలోని ఎత్తైన సముదాయాల్లో లిఫ్టు ఉంది, కానీ చాలా సేవల కోసం వృద్ధులే కిందికి దిగి వెళ్లాలి. ఆంధ్రప్రదేశ్‌లో పింఛను, బియ్యం గడప దాకా వస్తాయి, కానీ టిడ్కో బ్లాకుల్లో మనిషి కిందికి దిగడానికి లిఫ్టు లేదు.

పింఛను: ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా పింఛను 2024 జులై నుంచి 4,000 రూపాయలైంది. నెల మొదట్లో సచివాలయ సిబ్బంది ఇంటికే వచ్చి ఇస్తారు. కొత్త ఇంటికి మారితే పింఛనును అక్కడి సచివాలయానికి బదిలీ చేయించుకోవాలి. లేకపోతే ప్రతి నెలా పాత చిరునామాకు పరుగెత్తాల్సి వస్తుంది. తెలంగాణలో చేయూత పింఛను బ్యాంకు ఖాతాలో లేదా పోస్టాఫీసు ద్వారా అందుతుంది. తీసుకోవడానికి మనిషి కదలాల్సిందే. భార్యాభర్తల్లో పింఛను అందుకుంటున్నవారు చనిపోతే రెండోవారు వెంటనే దరఖాస్తు చేసుకోవాలి. ఈ సంగతి తెలియక నెలల తరబడి ఆగిపోయేవారున్నారు.

రేషన్: ఆంధ్రప్రదేశ్‌లో 2025 జూన్ 1 నుంచి రేషన్ వాహనాలను తీసేసి మళ్లీ దుకాణాలు తెరిచారు. అయితే 65 ఏళ్లు దాటినవారికి, దివ్యాంగులకు సరుకులు ఇంటికే ఇవ్వాలన్నది నిర్ణయం. మీ పెద్దవాళ్లకు అలా రాకపోతే డీలరును అడగండి, తర్వాత సచివాలయంలో ఫిర్యాదు చేయండి. తెలంగాణలో 2025 ఏప్రిల్ నుంచి మనిషికి 6 కిలోల సన్న బియ్యం ఇస్తున్నారు. పాత దుకాణానికే వెళ్లాల్సిన పనిలేదు. పోర్టబిలిటీ ఉంది కాబట్టి కొత్త కాలనీకి దగ్గరలో ఉన్న ఏ దుకాణంలోనైనా తీసుకోవచ్చు.

వైద్యం: 70 ఏళ్లు దాటిన ఎవరికైనా, ఆదాయంతో సంబంధం లేకుండా, ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆస్పత్రి చికిత్స ఉచితం. 2024 అక్టోబరు 29న ఇది మొదలైంది. ఆధార్‌తో ఆయుష్మాన్ యాప్‌లో వయ వందన కార్డు తీసుకోవచ్చు. అయితే ఇది ఆస్పత్రిలో చేరి తీసుకునే చికిత్సకే. నెలనెలా వాడే బీపీ, షుగరు మాత్రలకు బస్తీ దవాఖానా, పట్టణ ఆరోగ్య కేంద్రాలే దిక్కు. కొత్త కాలనీకి మారగానే దగ్గర్లోని కేంద్రం ఎక్కడుందో కనుక్కుని, అక్కడ పేరు నమోదు చేయించడం మొదటి పనుల్లో ఒకటి. మంచం పట్టినవారికి తెలంగాణలో ‘ఆలన’ పేరుతో ఇంటికి వచ్చే పాలియేటివ్ కేర్ బృందాలున్నాయి. వాటి వివరాలు జిల్లా ఆస్పత్రిలో అడగొచ్చు.

ప్రయాణం: తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది. పాత బస్తీలోని డాక్టరు దగ్గరికి, చుట్టాల దగ్గరికి వెళ్లే వృద్ధ మహిళలకు టికెట్ ఖర్చు తప్పింది. కానీ బస్టాపు దాకా నడవాలి. కాలనీ గేటు దాకా బస్సు వస్తుందా లేదా అన్నదే అసలు ప్రశ్న. పురుషులకు ఈ ఉచితం లేదు.

దూరం ఎందుకంత పెద్ద విషయం?

బోయిగూడలో ఉన్నచోటే ఇల్లు కట్టించుకున్న పెద్దావిడకు, నగరం నడిబొడ్డు నుంచి శివారుకు మారిన పెద్దావిడకు ఇల్లు దాదాపు ఒకటే. బతుకు మాత్రం ఒకటి కాదు.

పాత బస్తీలో అప్పు పెట్టే కిరాణా కొట్టు ఉంటుంది. పొద్దున తలుపు తీయకపోతే ‘ఏమ్మా, లేవలేదా’ అని అరిచే పక్కింటివాళ్లుంటారు. నాలుగు ఇళ్లలో గిన్నెలు తోమి, పూలు కట్టి, కూరగాయలు అమ్మి అరవై ఐదేళ్లకు కూడా రోజుకు నూరో రెండొందలో సంపాదించేవారుంటారు. శివారుకు మారాక ఆ చిన్న సంపాదన ఆగిపోతుంది. డ్రాలో బ్లాకు, ఫ్లోరు వేరువేరుగా వస్తాయి కాబట్టి ఒకే వీధిలో ఉన్న పదిమంది పది చోట్లకు చెదిరిపోతారు.

అందుకే గృహ పథకాలను అధ్యయనం చేసేవారు ఉన్నచోటే కట్టే పద్ధతిని మెరుగైనదిగా చెబుతారు. నగరంలో స్థలం దొరకదు, ఖరీదెక్కువ అన్నది ప్రభుత్వాల జవాబు. ఆ వాదనలో నిజం ఉంది. అలాంటప్పుడు కనీసం ఒకే బస్తీ నుంచి వెళ్లే కుటుంబాలకు ఒకే బ్లాకులో ఇళ్లివ్వడం, వృద్ధులున్న ఇంటి పక్కనే వారి పిల్లలకు ఇల్లొచ్చేలా చూడటం అదనపు ఖర్చు లేని పనులే.

ఇల్లు అమ్మ పేరు మీద.. అమ్మకే చోటు లేకపోతే?

ఇల్లు తల్లి పేరు మీద వస్తుంది. కొడుకు కుటుంబం వచ్చి చేరుతుంది. రెండు గదులు చాలవు. కొన్నాళ్లకు ఆమె మంచం హాల్లోకి, తర్వాత బాల్కనీలోకి మారుతుంది. ఇలాంటి పరిస్థితిలో చట్టం ఆమె పక్షాన ఉంది.

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం-2007 ప్రకారం 60 ఏళ్లు దాటినవారు తమను పోషించని పిల్లలపై ఆర్డీఓ స్థాయిలో ఉండే ట్రైబ్యునల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. న్యాయవాదిని పెట్టుకోవాల్సిన అవసరం లేదు. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి. నెలకు 10,000 రూపాయల వరకు భృతి ఇవ్వమని ఆదేశించవచ్చు. సంరక్షణలో ఉన్న వృద్ధులను కావాలని వదిలేస్తే మూడు నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

చూసుకుంటారనే షరతుతో ఆస్తి రాసిచ్చాక పిల్లలు మాట తప్పితే ఆ బదిలీని రద్దు చేసే వీలు 23వ సెక్షన్‌లో ఉంది. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఒక కేసులో, ఇలాంటి సందర్భాల్లో ఇంటిని తిరిగి వృద్ధులకు స్వాధీనం చేయమని ఆదేశించే అధికారం కూడా ట్రైబ్యునళ్లకు ఉందని చెప్పింది.

ఇళ్లు అమ్మకూడదు, బదిలీ చేయకూడదు అన్న నిబంధనను చాలామంది ఇబ్బందిగానే చూస్తారు. నిజానికి అది వృద్ధులకు ఒక కాపు. బతికున్నంత కాలం ఆ పట్టా ఆమె పేరు మీదే ఉంటుంది. ‘నీ ఇల్లు నా పేరున రాయి’ అని ఒత్తిడి చేసినా అది చెల్లదని ఆమెకు తెలిస్తే చాలు. అసలు పట్టా తన దగ్గరే ఉంచుకుని, దాని ఫొటో తీసి నమ్మకమైనవారి ఫోన్‌లో దాచడం మంచిది.

ఇంకో జాగ్రత్త. ఇల్లు అద్దెకిచ్చినా, లబ్ధిదారు అక్కడ ఉండకపోయినా కేటాయింపుపై చర్యలు తీసుకునే అవకాశం ఉంది. ఆపరేషన్ కోసమో, కూతురింట్లో కోలుకోవడానికో నెలల తరబడి తాళం వేయాల్సి వస్తే, ఆస్పత్రి కాగితాలు దాచుకుని బ్లాకు కమిటీకి ముందే చెప్పి వెళ్లడం మేలు.

ఇంట్లో ఏ మార్పులు చేసుకోవచ్చు?

గోడలు పగలగొట్టకూడదు. ముఖ్యంగా టిడ్కో ఇళ్లు షీర్‌వాల్ పద్ధతిలో కట్టినవి. అక్కడ కాంక్రీటు గోడలే ఇంటి బరువు మోస్తాయి. కానీ చిన్న మార్పులతో పెద్ద ప్రమాదాలు తప్పుతాయి.

మరుగుదొడ్డి దగ్గర, స్నానాల గదిలో పట్టుకోవడానికి స్టీలు రాడ్డు బిగించొచ్చు. నున్నటి టైల్స్ మీద జారని రబ్బరు మ్యాట్ వేయొచ్చు. ఇండియన్ మరుగుదొడ్డి ఉంటే దానిపై పెట్టే కమోడ్ కుర్చీ కొనొచ్చు. మంచం నుంచి మరుగుదొడ్డి దాకా రాత్రంతా వెలిగే చిన్న బల్బు ఉంటే మంచిది. వృద్ధులు ఎక్కువగా పడిపోయేది రాత్రి ఈ దారిలోనే.

చేతికర్ర, వాకర్, చక్రాల కుర్చీ, వినికిడి యంత్రం, కళ్లద్దాలు, పళ్ల సెట్టు వంటివి పేద వృద్ధులకు కేంద్రం రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద ఉచితంగా ఇస్తుంది. ఈ పథకాన్ని 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే ప్రారంభించారు. శిబిరాలు పెట్టి అర్హులను గుర్తిస్తారు. మీ జిల్లాలో శిబిరం ఎప్పుడన్నది వయోవృద్ధుల సంక్షేమ శాఖ కార్యాలయంలో అడగొచ్చు.

వేరే దేశాలు ఏం చేశాయి?

సింగపూర్ జనాభాలో అత్యధికులు ప్రభుత్వం కట్టిన ఫ్లాట్లలోనే ఉంటారు. అక్కడ కూడా పాత బ్లాకుల్లో లిఫ్టు అన్ని అంతస్తుల్లో ఆగేది కాదు. 2001 నుంచి ప్రత్యేక కార్యక్రమం పెట్టి ప్రతి అంతస్తులో ఆగేలా మార్చుకుంటూ వచ్చారు. వృద్ధులున్న ఇళ్లలో రాడ్లు బిగించడానికి, నేల జారకుండా చేయడానికి, గడప దగ్గర ర్యాంపు వేయడానికి మరో పథకం ఉంది. ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వమే భరిస్తుంది.

అమెరికాలో తక్కువ ఆదాయం ఉన్న వృద్ధుల కోసమే కట్టే ఇళ్లకు 1959 గృహ చట్టంలోని 202వ సెక్షన్ ఆధారం. 62 ఏళ్లు దాటినవారు అర్హులు. లెక్కగట్టిన ఆదాయంలో సాధారణంగా 30 శాతమే అద్దెగా కడతారు. వీటిలో చాలాచోట్ల సర్వీస్ కోఆర్డినేటర్ అనే ఉద్యోగి ఉంటారు. ఆ ఉద్యోగి వైద్యం చేయరు, వంట చేయరు. ఎవరికి ఏ సేవ కావాలో కనుక్కుని, దాన్ని ఇచ్చే శాఖతో మాట్లాడి ఇప్పిస్తారు.

మన దగ్గర లేనిది సరిగ్గా ఈ మనిషే. పింఛను ఒక శాఖ, రేషన్ ఒక శాఖ, వైద్యం ఒక శాఖ, ఇల్లు మరో శాఖ చూస్తాయి. ఎనిమిదో అంతస్తులో ఒంటరిగా ఉన్న పెద్దాయన మూడు రోజులుగా కిందికి దిగలేదన్న సంగతి తెలుసుకోవడం మాత్రం ఏ శాఖ పనీ కాదు. ఆశా కార్యకర్తలు, ఏపీలో సచివాలయ సిబ్బంది, స్వయం సహాయక సంఘాల మహిళలు ఇప్పటికే ఇంటింటికీ తిరుగుతున్నారు. వేల ఇళ్లున్న ఒక సముదాయానికి ఇలాంటి బాధ్యతతో ఒక్కరిని పెట్టడం ఆ సముదాయం కట్టిన ఖర్చుతో పోలిస్తే చాలా చిన్న విషయం.

ఇప్పుడు మీరు చేయగలిగినవి

1. ఇల్లు ఇంకా కేటాయించకపోతే, కుటుంబంలో వృద్ధులున్నారని, కింది అంతస్తు కావాలని ముందే రాసి ఇచ్చి రసీదు తీసుకోండి.

2. పక్షవాతం, తీవ్రమైన చూపు లోపం, నడవలేని స్థితి ఉంటే దివ్యాంగ ధ్రువపత్రానికి దరఖాస్తు చేయండి.

3. ఇల్లు మారిన నెలలోనే ఆధార్‌లో చిరునామా మార్పించండి. పింఛను బదిలీ, ఆరోగ్య కేంద్రంలో నమోదు వెంటనే చూసుకోండి.

4. 70 దాటితే వయ వందన కార్డు ఇప్పుడే తీసుకోండి. ఆస్పత్రిలో చేరాల్సిన రోజు దాకా ఆగొద్దు.

5. బ్లాకు నంబరు, ఫ్లోరు, ఫ్లాటు నంబరు, పిల్లల ఫోన్ నంబర్లు పెద్ద అక్షరాలతో రాసి తలుపు లోపలివైపు అతికించండి. అన్ని బ్లాకులూ ఒకేలా ఉండే కాలనీలో 108 అంబులెన్సుకు దారి చెప్పేటప్పుడు ఇదే పనికొస్తుంది.

6. ఎల్డర్ లైన్ 14567 నంబరును వారి ఫోన్‌లో సేవ్ చేయండి. ఇది వయోవృద్ధుల కోసం ఉన్న జాతీయ ఉచిత హెల్ప్‌లైన్. మొదట తెలంగాణలో మొదలై తర్వాత దేశమంతా విస్తరించింది. ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పనిచేస్తుంది. పింఛను సందేహాల నుంచి వేధింపుల ఫిర్యాదుల దాకా తెలుగులో మాట్లాడొచ్చు.

7. ఒంటరిగా ఉన్నవారైతే పక్క ఫ్లాటువారితో ఒక ఒప్పందం పెట్టుకోండి. రోజూ పొద్దున తలుపు తీశారా లేదా అని చూడటం, తీయకపోతే తట్టడం. ఇంటి అదనపు తాళం ఒకటి వారి దగ్గర ఉంచడం.

ఈ ఏడింటిలో చివరిది తప్ప మిగతావన్నీ ప్రభుత్వ కార్యాలయాల్లో, ఫోన్‌లో, కాగితాలతో అయ్యే పనులు. పెద్దవాళ్లు ఒక్కరే తిరిగి చేసుకోలేకపోతే, ఒక సెలవు రోజు వారి పక్కన కూర్చుని దరఖాస్తులు నింపి, సోమవారం వెంట వెళ్లి ఇప్పించండి.